ఏటికి ఇరుగట్ల మధ్య రహస్యం: గాలిదారా, గాజుతీగా, గణితమా?

గోదావరి డెల్టాలో ఒకే సంస్థ రెండు గట్ల మీద పనిచేయడం మామూలు విషయం. సహకార బ్యాంకు ప్రధాన కార్యాలయం ఇవతలి గట్టున ఉంటే శాఖ అవతలి గట్టున ఉంటుంది, ఆసుపత్రి పట్నంలో ఉంటే దాని స్కానింగు కేంద్రం లంక దాటి ఉంటుంది. పంటు మీద పావుగంటలో దాటే ఏటిని కాగితం సురక్షితంగానే దాటుతుంది. అదే కాగితం కంప్యూటర్‌లోంచి వెళ్ళినప్పుడు మధ్యలో ఎవరు చూస్తున్నారో తెలియదు. క్వాంటమ్ కంప్యూటర్లు వస్తే ఇప్పటి తాళాలు పనికిరావన్న మాట పత్రికల్లో చదివిన కొందరు, డాబా మీద నుంచి డాబా మీదకు కాంతి పంపి తాళంచెవులు పంచుకునే పరికరాలు మనకు పనికొస్తాయా అని అడుగుతున్నారు. ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే నాకు ఇది ఇష్టమైన విషయం. ఇష్టమైనదే కాబట్టి, ఎక్కడ పనికొస్తుందో ఎక్కడ పనికిరాదో దాచకుండా రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందుగా ఒక అపోహ తొలగాలి. క్వాంటమ్ కీ డిస్ట్రిబ్యూషన్ పద్ధతి, క్లుప్తంగా క్యూకేడీ, మన సమాచారాన్ని పంపదు, తాళంచెవిని, అంటే 0, 1 అనే అంకెల (బిట్ల) రహస్య వరుసను, మాత్రమే ఇరుపక్షాల వద్దా పుట్టిస్తుంది. ఆ చెవితో తాళం వేసిన ఫైలు మామూలు ఇంటర్నెట్ మీదనే వెళ్తుంది. ఈ పద్ధతిని శాస్త్రవేత్తలు చార్లెస్ బెన్నెట్, జిల్ బ్రస్సార్డ్ 1984 డిసెంబరులో మన బెంగళూరులో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సులో ప్రకటించారు. పంపేవారు ఒక్కొక్క కాంతికణాన్ని నిలువు, అడ్డం అనే జతలో గానీ, రెండు ఏటవాలు దిశల జతలో గానీ ధ్రువణం చేసి, అంటే దాని కంపనాన్ని ఆ దిశకు కట్టడి చేసి, పంపుతారు. అందుకునేవారు తమకు తోచిన జతలో కొలుస్తారు. తర్వాత మామూలు లైను మీద ఏ కణాన్ని ఏ జతలో కొలిచారో మాత్రమే చెప్పుకుని, జత కుదరని సుమారు సగం ఫలితాలను వదిలేస్తారు. మధ్యలో ఎవరైనా ప్రతి కణాన్నీ పట్టి, కొలిచి, తిరిగి పంపితే మిగిలిన బిట్లలో నాలుగో వంతు తప్పవుతాయి. తప్పుల శాతం సుమారు 11 దాటితే ఆ చెవిని పారేయాలి. తెలియని స్థితిలో ఉన్న కణానికి నకలు తీయడం ప్రకృతి నియమాల ప్రకారమే సాధ్యం కాదు కనుక, చాటుగా చూసినవాడు తన జాడ వదలక తప్పదు. ఈ పద్ధతి బలమంతా ఇక్కడే ఉంది.

ఏ పరికరం కొనాలన్న ప్రశ్నకు ముందు, మనం కాపాడవలసింది ఏమిటి, ఎన్నేళ్ళు కాపాడాలి అన్న ప్రశ్న వేసుకోవాలి. ధవళేశ్వరం వద్ద కాటన్ బ్యారేజీకి 175 గేట్లు ఉన్నాయి. అలాంటి చోట గేటు ఎత్తమనే ఆజ్ఞ కంప్యూటర్ లైను మీద వెళ్తుందనుకుందాం. ఆ ఆజ్ఞ రహస్యంగా ఉండవలసిన అవసరం పెద్దగా లేదు, ఎత్తిన గేటు ఊరంతటికీ కనిపిస్తూనే ఉంటుంది. కావలసినదల్లా ఆ ఆజ్ఞ అధికారం ఉన్నవారి నుంచే వచ్చిందన్న నమ్మకం. ఈ నమ్మకాన్ని క్యూకేడీ తనంతట తాను ఇవ్వలేదు. పైగా అవతల ఉన్నది మనవాళ్ళేనని నిర్ధారించుకోవడానికి అది కూడా ముందుగా పంచుకున్న ఒక చిన్న రహస్యం మీదనో, డిజిటల్ సంతకం మీదనో ఆధారపడుతుంది. కాబట్టి ఆజ్ఞల భద్రతకు సంతకాలు చూసుకోవాలి, కాంతికణాలు కాదు. దీనికి భిన్నంగా, ఒక రోగి వైద్య చరిత్ర ముప్పై నలభై ఏళ్ళు రహస్యంగా ఉండాలి. ఈ రోజు తాళం వేసి పంపిన ఫైలును ఎవరో కాపీ చేసి దాచుకుని, పదిహేనేళ్ళ తర్వాత బలమైన యంత్రంతో తెరిస్తే, నష్టం ఆనాటిదే అయినా తప్పు ఈనాటిది. గణితం, గాలిదారి, గాజుతీగ అనే మూడు దారుల మధ్య ఈ పోలిక అంతా దీర్ఘకాల రహస్యాలు ఉన్నవారికే.

మొదట గణితం దారి గురించి చెబుతాను, ఎందుకంటే ఎక్కువమందికి సరిపోయేది అదే. ఇప్పుడు చెవుల మార్పిడికి వాడుతున్న ఆర్‌ఎస్‌ఏ వంటి పద్ధతులను తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ ఛేదించగలదని గణితవేత్త పీటర్ షోర్ 1994లో చూపించారు. దానికి జవాబుగా అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టు 13న మూడు కొత్త ప్రమాణాలు వెలువరించింది. వాటిలో చెవుల మార్పిడికి ఉద్దేశించినది ఎంఎల్-కెమ్. దాని మధ్య స్థాయి రూపంలో ఎవరికైనా చూపగల బహిరంగ చెవి 1184 బైట్లు, దానికి అవతలివారు పంపే జవాబు 1088 బైట్లు. రెండూ కలిపినా ఒక చిన్న ఫొటో పరిమాణం కూడా ఉండదు. దీనికి కొత్త తీగ, కొత్త డాబా, కొత్త అద్దం ఏదీ అక్కర్లేదు. 2025 ఏప్రిల్‌లో విడుదలైన, కంప్యూటర్ల మధ్య సమాచారానికి తాళం వేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.5లో ఇది ఉంది, క్రోమ్ బ్రౌజరు 2024 చివరి నుంచే పాత పద్ధతితో కలిపి వాడుతోంది. ఈ దారిలో లోపం ఒక్కటే: దాని బలం ఇంతవరకు ఎవరూ ఆ లెక్కను విప్పలేదన్న అనుభవం మీద నిలబడింది. నిస్ట్ పరిశీలనలో చాలా దూరం వచ్చిన సైక్ అనే మరో పద్ధతిని 2022లో ఇద్దరు గణితవేత్తలు మామూలు కంప్యూటర్ ఒక్క కోర్ మీద సుమారు గంటలో విప్పేశారు. ఎంఎల్-కెమ్ గణితం వేరు, అది చాలా ఏళ్ళుగా నిలిచింది. అయినా పాత పద్ధతిని తీసేయకుండా రెంటినీ జోడించి వాడమని చెప్పడానికి కారణం ఇదే.

ఇక గాలిదారి, అంటే కాంతికణాలను డాబా నుంచి డాబాకు గాలిలోంచే పంపే క్యూకేడీ. బెన్నెట్, బ్రస్సార్డ్ బృందం 1989లో చేసిన మొదటి ప్రయోగంలో కాంతికణాలు ప్రయాణించింది సుమారు 30 సెంటీమీటర్ల గాలిలోనే. 2007 నాటికి అది కానరీ దీవుల్లో లా పాల్మా నుంచి టెనెరిఫే వరకు 144 కిలోమీటర్లకు చేరింది. మన దేశంలో ఇస్రో 2021లో అహ్మదాబాద్‌లో రెండు భవనాల మధ్య 300 మీటర్ల దూరంలో రాత్రిపూట చేసి చూపించింది. ఢిల్లీ ఐఐటీ, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో కలిసి 2025 జూన్‌లో కిలోమీటరు పైచిలుకు దూరాన, ఒకదానితో ఒకటి ముడిపడి పుట్టిన జంటకణాలను వాడే పద్ధతిలో సెకనుకు దాదాపు 240 బిట్ల చెవిని రాబట్టాయి, అందులో తప్పులు 7 శాతం లోపే. 144 కిలోమీటర్ల మాట విని అమలాపురం నుంచి కాకినాడకు ఒకే కిరణం పంపవచ్చని ఎవరైనా అనుకుంటే తొందరపాటే. ఆ దీవుల్లోని టెలిస్కోపులు సముద్రమట్టానికి 2400 మీటర్ల ఎత్తున కొండల మీద, చాలా రోజులు మేఘాలకు పైన ఉంటాయి. మన డెల్టా సముద్రానికి కొన్ని మీటర్ల ఎత్తునే, నీటి మధ్య, ఉప్పుగాలిలో ఉంది.

ఆ తేడా ఎంతటిదో కాగితం మీద కన్నా గట్టు మీద బాగా తెలుస్తుంది. ఒక కార్తీక మాసపు రాత్రి మా విద్యార్థులతో కలిసి వశిష్ఠ గట్టున ఒక చిన్న ఆకుపచ్చ లేజరును స్టాండుకు బిగించి, మనుషుల తలలకు పైగా, అవతలి గట్టున కర్రలకు కట్టిన తెల్లటి పంచె మీదకు గురిపెట్టాము. దూరం సుమారు కిలోమీటరు. చేతిలో పెసరగింజంత ఉన్న చుక్క అవతలికి చేరేసరికి మీటరు వెడల్పున పరుచుకుంది. అవతల ఉన్న పిల్లవాడు ఫోనులో, వెలుగు నిలకడగా లేదని, చెరువు నీటి మీద ఎండ పడినట్టు మచ్చలు మచ్చలుగా మెరుస్తూ కదులుతోందని చెప్పాడు. నీటి మీది వెచ్చని గాలి, పొలాల మీది చల్లని గాలి కలిసే చోట కాంతి వంగుతూ ఉంటుంది, ఆ మెరుపులు దాని ఫలితమే. కిరణానికి అడ్డంగా ఒక నాటుపడవ వెళ్ళలేదు, వాన పడలేదు, అయినా ఆ పరిస్థితి. అసలు పరికరాల్లో అద్దాలు పెద్దవి కనుక కిరణం ఇంతగా పరుచుకోదు. 5 సెంటీమీటర్ల అద్దం నుంచి బయలుదేరిన 850 నానోమీటర్ల కిరణం 4 కిలోమీటర్ల అవతల జానెడు వెడల్పే ఉంటుంది. కానీ జానెడు కిరణాన్ని జానెడు అద్దంలో పట్టాలంటే గురి తప్పకూడదు. మిల్లీరేడియన్, అంటే డిగ్రీలో పదిహేడో వంతు, పక్కకు ఒరిగితే 4 కిలోమీటర్ల దూరాన అది 4 మీటర్ల తప్పు. సముద్రపు గాలికి ఊగే సెల్ టవరు మీద కాకుండా, దిట్టమైన కాంక్రీటు భవనం మీద, స్వయంగా గురి సరిచేసుకునే యంత్రంతో పెట్టమని చెప్పేది ఇందుకే.

మంచు సంగతి ఇంకా కఠినమైనది. కంటికి ఎంత దూరం కనిపిస్తుందో తెలిస్తే కాంతి నష్టాన్ని ఉజ్జాయింపుగా లెక్కగట్టవచ్చు: 17ను కిలోమీటర్లలోని ఆ చూపు దూరంతో భాగిస్తే, కిలోమీటరుకు అన్ని డెసిబెళ్ళ నష్టం. ప్రతి పది డెసిబెళ్ళకు కాంతి పదో వంతుకు తగ్గుతుంది. ఏరు కిలోమీటరున్నర వెడల్పు ఉందనుకుంటే, చూపు కిలోమీటరు ఉన్న పలుచని మంచులో నష్టం 25 డెసిబెళ్ళు, అంటే మూడు వందల కణాల్లో ఒకటి చేరుతుంది. మంచి పరికరం దీన్ని తట్టుకోగలదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున చూపు 200 మీటర్లకు పడిపోతే నష్టం 127 డెసిబెళ్ళు దాటుతుంది, అంటే ఐదు లక్షల కోట్లకు పైగా కణాలు పంపితే అవతలికి చేరేది ఒకటి. సెకనుకు పది కోట్ల కణాలు పంపినా ఆ ఒక్కదాని కోసం పదిహేను గంటలు ఎదురుచూడాలి. అంత దట్టమైన మంచులో తరంగదైర్ఘ్యం మార్చినా ప్రయోజనం ఉండదు. భోగి నాడు మంచుకు మంటల పొగ కూడా తోడవుతుంది. పగటిపూట సూర్యకాంతి, కణాలను పట్టే డిటెక్టర్‌లోకి చొరబడి తప్పుల శాతాన్ని పెంచుతుంది. 2017లో చైనా శాస్త్రవేత్తలు 1550 నానోమీటర్ల వద్ద, గట్టి వడపోతలతో 53 కిలోమీటర్ల దూరాన పగలే చేయగలిగారు కాబట్టి అది అసాధ్యం కాదు, కానీ కొనేవారు ఆ మాట రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

కొబ్బరిచెట్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కోనసీమ చదునైన నేల, కొండ ఒక్కటి లేదు. పది కిలోమీటర్ల దూరానికి భూమి గుండ్రదనం మధ్యలో అడ్డుపడేది 2 మీటర్లే, ముప్పై కిలోమీటర్లకు మాత్రం దాదాపు 18 మీటర్లు. దానికి 20 మీటర్ల కొబ్బరి మొవ్వు కలిపితే రెండు చివరలా 40 మీటర్ల ఎత్తు కావాలి. మరొకరి తోటలో కాపు కాస్తున్న చెట్టును మన కిరణం కోసం కొట్టమని అడిగే పరిస్థితి రాకూడదు. అందువల్ల డెల్టాలో గాలిదారికి సహజమైన చోటు ఏరే. నీటి మీద చెట్లు పెరగవు, ఇళ్ళు లేవవు.

చాలామంది గమనించని ఒక లెక్క ఉంది, నా అభిప్రాయంలో ఎంపికంతా దాని మీదనే తిరుగుతుంది. సెకనుకు 240 బిట్ల పరికరం రాత్రి ఆరు గంటలు చక్కగా పనిచేస్తే సుమారు 52 లక్షల బిట్లు వస్తాయి. వాటిని, ఫైళ్ళకు తాళం వేయడానికి అందరూ వాడే ఏఈఎస్ పద్ధతికి 256 బిట్ల చెవులుగా విడదీస్తే 20,250 చెవులు. నిమిషానికొకసారి చెవి మార్చినా ఒక్క రాత్రి సంపాదన పద్నాలుగు రోజులకు సరిపోతుంది. అంటే మంచు ఉదయాలు, మూడు రోజుల ముసురు, చివరకు ఒక తుపాను వారం కూడా ఈ వాడకానికి అడ్డంకి కావు, చెవులను ముందే నిల్వ చేసుకోవచ్చు. అదే సమాచారం ఎంత ఉంటే చెవీ అంతే ఉండాలనే పరిపూర్ణ రహస్య పద్ధతిని కోరుకుంటే, ఆ 52 లక్షల బిట్లు 648 కిలోబైట్లే, ఫోనులో తీసిన ఒక్క ఫొటోకు కూడా చాలవు. కాబట్టి గాలిదారి అమ్మేవారు చెవి దేనికి వాడతారో చెప్పకుండా వేగం గురించి చెబితే ఆ అంకెకు అర్థం లేదు. ఆ అంకె వడపోతలన్నీ అయ్యాక మిగిలిన రహస్య చెవిదా, లేక మొదట డిటెక్టర్ పట్టిన బిట్లదా అన్నది కూడా అడగాలి. రెంటికీ మధ్య తేడా చాలా ఉంటుంది.

నిల్వ మాట వచ్చింది కనుక, అందరూ చులకనగా చూసే పాత పద్ధతిని గుర్తుచేస్తాను. ఒక గిగాబైటు యాదృచ్ఛిక బిట్లను పెన్ డ్రైవ్‌లో పెట్టి, సీలు వేసిన సంచిలో, నమ్మకమైన ఇద్దరు ఉద్యోగులు పంటు మీద అవతలికి తీసుకెళ్తే, అందులో 3 కోట్లకు పైగా చెవులు ఉంటాయి. పైన చెప్పిన పరికరం అన్ని బిట్లు తయారుచేయడానికి రేయింబవళ్ళు పనిచేసినా ఏడాదికి పైగా పడుతుంది. మనుషుల చేతుల మీదుగా వెళ్ళడం దీని బలహీనత, దారిలో ఎవరైనా నకలు తీస్తే మనకు తెలియదు. క్యూకేడీ గొప్పతనం సరిగ్గా ఆ లోటును పూడ్చడమే. కానీ చెవులను రెండు వారాలు పెట్టెలో దాచుకోవడం మొదలుపెట్టాక, ఆ పెట్టె కాపలా ఎంత గట్టిదో రహస్యమూ అంతే గట్టిది. రెండే కార్యాలయాలు, నమ్మకమైన సిబ్బంది ఉన్న చిన్న సంస్థకు సంచి పద్ధతిని నేను నిస్సంకోచంగా సూచిస్తాను.

గాజుతీగ, అంటే ఆప్టికల్ ఫైబర్, విషయానికి వస్తే మంచు, ఎండ సమస్యలు ఉండవు. మంచి ఫైబర్‌లో కిలోమీటరుకు నష్టం 0.2 డెసిబెల్, వంద కిలోమీటర్లకు 20 డెసిబెళ్ళు, అంటే నూటికి ఒక కణం మిగులుతుంది. డీఆర్‌డీవో 2020 డిసెంబరులో హైదరాబాద్‌లోని తన రెండు ప్రయోగశాలల మధ్య, 2022 ఫిబ్రవరిలో ఢిల్లీ ఐఐటీతో కలిసి ప్రయాగ్‌రాజ్ నుంచి వింధ్యాచల్ వరకు వంద కిలోమీటర్లకు పైగా ఫైబర్ మీద దీన్ని చేసి చూపించింది. అయితే డెల్టాలో ఊళ్ళ మధ్య ఫైబర్ చాలా చోట్ల కరెంటు స్తంభాల మీద వేలాడుతూ వెళ్తుంది. గాలికి తీగ ఊగినప్పుడల్లా అందులోని కాంతి ధ్రువణం మారిపోతుంది, తుపానుకు స్తంభం పడితే తీగే తెగుతుంది. అదే తీగలో ఇంటర్నెట్ కాంతి కూడా వెళ్తుంటే దాని చెదురు వెలుగు ఒంటరి కణాలను ముంచేస్తుంది. మధ్యలో మామూలు యాంప్లిఫయర్ పెట్టడానికి వీల్లేదు, కణానికి నకలు తీయలేమన్న నియమం మనకూ వర్తిస్తుంది కదా. రాజమహేంద్రవరం, కొవ్వూరు మధ్య వంతెన మీదుగా వెళ్ళే, ఇంకెవరూ వాడని ఫైబర్ జత ఒకటి అద్దెకు దొరికితే, గాలిదారి గురించి ఆలోచించనవసరమే లేదు. దొరుకుతుందా అన్నదే అసలు చిక్కు.

ఉపగ్రహం గురించి ఎక్కువ రాయను. చైనా 2016 ఆగస్టు 16న ప్రయోగించిన మోజీ ఉపగ్రహం 1200 కిలోమీటర్ల దూరాన చెవులు పంచి చూపింది. మన జాతీయ క్వాంటమ్ మిషన్‌ను కేంద్రం 2023 ఏప్రిల్ 19న 6003.65 కోట్ల రూపాయలతో ఆమోదించింది, 2000 కిలోమీటర్ల దూరపు ఉపగ్రహ సంభాషణ దాని లక్ష్యాల్లో ఉంది. ఇది దేశం చేయవలసిన పని. రెండు గట్ల సంస్థ కొనుక్కునే వస్తువు కాదు.

ఎవరికి ఏది తగినదో నా అభిప్రాయం చెబుతాను. బ్యాంకు శాఖ, ఆసుపత్రి, రొయ్యల ఎగుమతి సంస్థ వంటి ఎవరైనా ముందుగా తమ కంప్యూటర్లను కొత్త గణిత ప్రమాణాలకు మార్చుకోవాలి. అమెరికా భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ, బ్రిటన్ సైబర్ భద్రతా కేంద్రం కూడా ప్రభుత్వ అవసరాలకు క్యూకేడీ కన్నా ఈ దారినే సూచిస్తున్నాయి. దశాబ్దాల పాటు దాచవలసిన రహస్యాలు ఉన్నవారు దానికి తోడు సంచి పద్ధతిలో చెవులు పంచుకుని, రెంటినీ కలిపి వాడితే, గణితం రేపు ఓడినా సంచి కాపాడుతుంది. ఈ రెండూ చేశాక కూడా మనుషుల చేతి మీద నమ్మకం చాలనివారికి, ఎదురెదురు గట్ల మీద సొంత కాంక్రీటు భవనాలు, మధ్యలో నీరు మాత్రమే ఉండి, దూరం నాలుగు కిలోమీటర్లు మించనివారికి గాలిదారి నిజంగా తగినది. ఇంజినీరింగు కళాశాలలకు మాత్రం ఈ షరతులేవీ లేవు. రెండు భవనాల మధ్య వంద మీటర్ల గాలిదారి వేసి విద్యార్థుల చేత తప్పుల శాతం కొలిపించడం కన్నా మంచి ప్రయోగశాల నాకు తోచదు.

కొనేటప్పుడు కొన్ని విషయాలు పట్టుబట్టి అడగాలి. బలహీనమైన లేజరు వాడే పరికరంలో ఒక్కోసారి ఒకే ధ్రువణంతో రెండు కణాలు వెళ్తాయి, చాటువాడు ఒకదాన్ని ఉంచుకుని ఇంకొకదాన్ని వదిలేయవచ్చు. దీన్ని పసిగట్టే డెకాయ్ పద్ధతి అందులో ఉందో లేదో తెలుసుకోవాలి. 2010లో పరిశోధకులు బలమైన కాంతితో డిటెక్టర్లను గుడ్డివి చేసి, అమ్మకంలో ఉన్న పరికరాల చెవులను జాడ లేకుండా తీయగలిగారు, కాబట్టి దానికి విరుగుడు ఏం చేశారో చెప్పించుకోవాలి. ప్రకృతి నియమం తప్పదు గానీ పెట్టెను మనుషులే తయారుచేస్తారు. పరికరం ముందువైపు గాజు మీద రాత్రి మంచు బిందువులు పట్టకుండా వేడిచేసే ఏర్పాటు, ఉప్పు తుడిచే పని ఎవరిది, గొట్టంలో సాలెగూడు కడితే ఎన్నాళ్ళకు మనిషి వస్తాడు అన్నవి కూడా ఒప్పందంలో రాయించాలి.

వీటన్నిటికీ ముందు, రూపాయి ఖర్చు లేని పని ఒకటి ఉంది. పరికరం పెట్టదలచిన డాబా మీదకు రాత్రి కాపలా ఉండే ఉద్యోగిని ఏడాది పాటు రోజూ పదింటికి, రెండింటికి, తెల్లవారుజామున ఐదింటికి పంపి, అవతలి గట్టున మూడు గుర్తుల్లో ఏవి కనిపించాయో ఒక నోటు పుస్తకంలో రాయించండి: రేవులోని దీపం, దాని వెనుక గుడి గోపురం మీది దీపం, ఇంకా దూరాన సెల్ టవరు ఎర్ర దీపం. ఒక్కొక్క దాని దూరం ముందే కొలిచి పుస్తకం మొదటి పేజీలో రాసి ఉంచితే, కనిపించిన చివరి దీపమే ఆ వేళకు చూపు దూరాన్ని ఉజ్జాయింపుగా చెబుతుంది, 17ను దానితో భాగించడం ఎవరైనా చేయగలరు (చీకట్లో దీపం అసలు చూపు దూరం కన్నా ఎక్కువ దూరం కనిపించవచ్చు కనుక నిజమైన నష్టం ఈ లెక్కను మించవచ్చు). పుస్తకంలో వరుసగా పద్నాలుగు రాత్రులు రేవు దీపమే కనిపించలేదన్న రాత ఉంటే, ఒక్క రాత్రి నిల్వ చేసిన చెవులు ఆ వ్యవధికి చాలవని అర్థం. పరికరం అమ్మడానికి వచ్చినవారి ముందు మొదట ఆ పేజీలు తెరిచి పెట్టండి.